స్క్రూడ్రైవర్ ఎక్కడ ఆగాలి?

మాదన్నపేటలో ఏ వస్తువునూ అంత తేలిగ్గా పారేయరు. మిక్సీ మాడిపోతే కాయిల్ చుట్టిస్తారు. కుక్కర్ పిడి విరిగితే కొత్త పిడి వేయిస్తారు. సైకిల్ పాతబడితే తమ్ముడికిస్తారు, ఇంకా పాతబడితే దాని చక్రాలు ఏదో బండికి పనికొస్తాయి. పొద్దున్నే మార్కెట్లో కూరగాయలు తెచ్చుకుని, ఆదివారం పూట ముందుగదిలో పాత న్యూస్‌పేపర్ పరిచి, స్కూటర్ కార్బొరేటర్ విప్పి కూర్చునే తండ్రులు ఆ గల్లీల్లో ఇంటికొకరు ఉంటారు. మా మిత్రుడు కూడా అలాంటివాడే. అతని స్క్రూడ్రైవర్‌కి లొంగని వస్తువు ఆ ఇంట్లో లేదు.

కిందటేడాది వరకూ లేదు. తర్వాత వచ్చింది, ఒక ఎయిర్ పిస్టల్.

కంగారు పడకండి. అది అతని కూతురిది. తొమ్మిదో తరగతి చదువుతోంది, స్కూల్లో ఎవరో చెబితే షూటింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ల వయసుకే పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ తర్వాత మన ఊళ్లో 'మా పాపనూ చేర్పిద్దామా' అనుకున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. మా మిత్రుడిదీ అలాంటి ఇల్లే. పోటీల్లో వాడే విదేశీ పిస్టల్ కొత్తది కొనాలంటే లక్ష రూపాయలు దాటిపోతుంది కాబట్టి, ఒక పెద్ద షూటర్ వాడి వదిలేసినదాన్ని కొన్నాడు.

పోటీ ఇంకా పది రోజులుందనగా అమ్మాయి ఫిర్యాదు చేసింది.

"ట్రిగ్గర్ గట్టిగుంది నాన్నా. వేలు లాగేలోపల చెయ్యి ఊగుతుంది."

"గింత దానికి ఆడిదాకా పోవాల్నా? నేను జూస్త తియ్" అన్నాడు తండ్రి.

రేంజి నగరానికి ఆ చివర. రెండు బస్సులు మారాలి, లేదా ఆటోకి నాలుగైదు వందలు. పైగా పిస్టల్‌కి బయటికే కనిపించే చిన్న చిన్న స్క్రూలున్నాయి. కార్బొరేటర్‌కి ట్యూనింగ్ స్క్రూ లేదూ, ఇదీ అంతే కదా అనుకున్నాడు. ఒక స్క్రూ అర తిప్పు వదులు చేశాడు. అమ్మాయి ఖాళీ పిస్టల్‌తో లాగి చూసి, "సూపర్ నాన్నా, వెన్నలా ఉంది" అంది. తండ్రి మీసం తిప్పాడు.

మర్నాడు సాయంత్రం గోడకేసి సాధన చేస్తుంటే, ఇంకా గురి కుదరకముందే, వేలు ట్రిగ్గర్‌కి తగిలీ తగలకముందే టిక్కుమంది. పిస్టల్ ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది. అయినా అమ్మాయి మొహం పాలిపోయింది. ఇంట్లో నాయనమ్మ ఆ మాట విని, "పిల్లచేతికి గదెందుకిచ్చిన్రురా" అని మొదలుపెట్టింది.

సరిగ్గా ఆ సమయానికి నేను వాళ్లింటికి వెళ్లాను.

చాచా మాట

మిత్రుడు ఓటమి ఒప్పుకునే రకం కాదు. "గల్లీ చివర చాచా ఉన్నడు గదా, ఆయన చేతిల పెడదం" అన్నాడు. చాచా గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత స్క్రూలను పట్టకారుతో తీసి పళ్లెంలో వరసగా పేర్చే మనిషి. నాలుగు దశాబ్దాలుగా అదే బల్ల, అదే దీపం. అంతకన్నా నైపుణ్యమున్న చేయి ఆ చుట్టుపక్కల దొరకదు.

గుండు పెట్టే చోట నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ దూర్చి, గాలి సిలిండర్ విప్పేసి, పెట్టెలో పెట్టి తీసుకెళ్లాం. చాచా పెట్టె మూత తీశాడు. భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. వేలు కూడా పెట్టకుండా మూత మూసేశాడు.

"ఖోల్నా ఆతా హై, బంద్ కర్నా భీ ఆతా హై. మగర్ ఇస్కా కాంటా మేరే పాస్ నహీ" అన్నాడు.

విప్పడం వచ్చు, బిగించడమూ వచ్చు, కానీ దీన్ని తూచే కాంటా నా దగ్గర లేదు అని. గడియారమైతే ఆయన దగ్గర కొలత ఉంది. బాగుచేశాక మరో మంచి గడియారం పక్కన పెట్టి, రోజంతా చూసి, నిమిషం తేడా వస్తే మళ్లీ విప్పుతాడు. పిస్టల్ బాగైందో లేదో ఆయనెలా చెబుతాడు? కాల్చి చూసి చెప్పలేడు కదా!

ఇరవై ఏళ్లుగా ఆయన్ని చూస్తున్నాను. 'రాదు' అనడం ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు కూడా ఆయన రాదు అనలేదు, కొలవలేను అన్నాడు. రెంటికీ తేడా ఉంది.

అరకిలో పరీక్ష

మర్నాడు పొద్దున్నే రేంజికి వెళ్లాం. కోచ్ మేడమ్ ఏమీ అడగలేదు. బల్ల సొరుగులోంచి ఒక చిన్న తూకపు బరువు తీసింది. చివర కొక్కెం ఉంది. సరిగ్గా ఐదు వందల గ్రాములు.

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీకి అంతర్జాతీయ నియమం ఇది. ట్రిగ్గర్ లాగడానికి కనీసం 500 గ్రాముల బలం పట్టాలి. పాతిక మీటర్ల పిస్టల్‌కైతే వెయ్యి గ్రాములు. పరీక్ష కూడా చాలా సాదా పరీక్షే. గుండు లేని పిస్టల్‌ను సిద్ధం చేసి, గొట్టం నిటారుగా పైకి పెట్టి, ట్రిగ్గర్‌కి ఆ బరువు తగిలించి బల్లమీంచి లేపుతారు. బరువు గాల్లోకి లేచినా ట్రిగ్గర్ కదలకుండా ఉంటే పాసు. టిక్కుమంటే ఫెయిలు.

మేడమ్ లేపింది. బరువు బల్ల వదలకముందే టిక్కుమంది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

"పోటీకి ఇలాగే తీసుకెళ్లి ఉంటే?" అని అడిగాను.

"ముందే పట్టుకుంటే అదృష్టం, సరిచేసుకునే వీలుంటుంది. పోటీ అయ్యాక ఎవరినైనా పిలిచి తూచుతారు. అప్పుడు తేలిపోతే ఎంత స్కోరు కొట్టినా అనర్హతే. పాప ఏం తప్పు చేసిందో పాపకే తెలియదు" అంది.

మిత్రుడు నేల చూపులు చూశాడు. అతను తిప్పింది అర తిప్పే. కానీ ఆ అర తిప్పు, పది రోజుల తర్వాత కూతురు చేయబోయే అరవై షాట్లనూ ఒక్క దెబ్బకి చెరిపేసేది.

మేడమ్ పిస్టల్‌తో వచ్చిన చిన్న పుస్తకం అడిగింది. మిత్రుడికి అది ఎక్కడుందో గుర్తులేదు. ఆమె దగ్గరే ఉన్న ప్రతి తీసి, స్క్రూ నంబరు చూసి, కొంచెం తిప్పి తూచింది. మళ్లీ కొంచెం, మళ్లీ తూకం. బరువు గాల్లో నిలబడ్డాక కూడా ఇంకాస్త బిగించింది. "సరిగ్గా ఐదు వందల దగ్గర ఆపను. పైన కొంత వదిలేస్తాను. రోజులు గడిచేకొద్దీ అరుగుతుంది, సర్దుకుంటుంది, తేడా వస్తుంది" అని చెప్పింది.

అప్పుడు అమ్మాయిని పిలిచి పిస్టల్ పట్టుకోమంది. వేలి వంక చూసింది. అసలు సంగతి అప్పుడు బయటపడింది.

బరువు కాదు, దూరం

ఆ పిస్టల్‌ని అంతకుముందు వాడినాయన చేయి పెద్దది. ఆయన వేలికి తగినట్టు ట్రిగ్గర్ ముందుకు జరిపి ఉంది. మన అమ్మాయి వేలు దాన్ని కొసతో మాత్రమే అందుకుంటోంది. కొసతో లాగితే బలం నేరుగా వెనక్కి రాదు, పక్కకి పోతుంది. అందుకే గట్టిగా అనిపించింది, అందుకే చేయి ఊగింది. తలుపు గొళ్లెం అందక మునివేళ్ల మీద నిలబడి లాగే పిల్లకి గొళ్లెం బిగుసుకుపోయినట్టే ఉంటుంది. గొళ్లెం తప్పు కాదు, ఎత్తు తప్పు.

మేడమ్ ట్రిగ్గర్‌ని రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి బిగించింది. దానికీ పుస్తకంలో ఒక స్క్రూ ఉంది. మళ్లీ ఒకసారి తూచింది. అమ్మాయి వేలి మొదటి గణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద సరిగ్గా ఆనింది. "ఇప్పుడు గట్టిగా లేదు" అంది. బరువు మాత్రం తండ్రి తిప్పకముందు ఉన్నంతా ఉంది!

మొత్తం పని పావుగంట. ఖర్చు, ఆటో చార్జీ.

సర్దుబాటు వేరు, మార్పు వేరు

ఇంటికొచ్చేదారిలో మిత్రుడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "మేడమ్ కూడా స్క్రూనే తిప్పింది గదా. మరి నేను జేసిన తప్పేంది?"

ఈ ప్రశ్నకు జవాబు కోసమే ఈ వారం ఇంత రాస్తున్నాను. ట్రిగ్గర్‌కి చేసే పనులు రెండు రకాలు. ఒకటి సర్దుబాటు. వేలికి దూరం, బరువు, మొదటి లాగు ఎంత పొడవుండాలి, షాట్ పేలాక ట్రిగ్గర్ ఎక్కడ ఆగాలి లాంటివి. పోటీ పిస్టల్ తయారుచేసినవాళ్లే వీటికి స్క్రూలు పెట్టి, ఏది దేనికో పుస్తకంలో రాసిస్తారు. అవి తిప్పడానికే ఉన్నాయి. కానీ పుస్తకం ఎదురుగా ఉండాలి, తూకం పక్కన ఉండాలి. కొలత లేకుండా 'అందాజుగా' తిప్పితే సర్దుబాటు కూడా మార్పే అవుతుంది.

రెండోది అసలైన మార్పు. అంటే లోపలి పెట్టె విప్పడం, స్ప్రింగు మార్చడం, ఏదో ఒకటి రుద్దడం, అరగదీయడం. ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి చాలామందికి చేతులు దురద పెట్టేది ఇక్కడే. లోపల ఏముంటుందో ఒక్క మాటలో చెబుతాను. బిగించి ఉన్న స్ప్రింగు బలాన్నంతా ఒక చిన్న ఇనుప కొక్కెం ఆపి ఉంచుతుంది. దాన్ని సియర్ అంటారు. ట్రిగ్గర్ లాగడమంటే ఆ కొక్కెం అంచుని జారవిడవడమే. రెండు లోహపు అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే చోటు చాలా చిన్నది. ఇలాంటి అంచుల్ని సాధారణంగా పైపొర గట్టిపడేలా కాల్చి తయారుచేస్తారు. నున్నగా చేద్దామని రుద్దితే ఆ గట్టి పొర పోవచ్చు, కోణం మారవచ్చు. ఆ రోజు వెన్నలా ఉంటుంది. కొన్ని వందల షాట్ల తర్వాత కింద పెట్టినప్పుడో, ఎవరి చేయో తగిలినప్పుడో దానంతటదే జారిపోవచ్చు. తప్పు చేసిన రోజున తెలియదు. తెలిసే రోజున ఎదురుగా ఎవరుంటారో తెలియదు.

అందుకే ఈ రెండో రకం పనికి తయారీదారు దగ్గర శిక్షణ పొందినవాళ్లే దిక్కు. ఖర్చవుతుంది, కొన్ని వారాలు పట్టొచ్చు కూడా. అయినా అంతే.

సిలిండర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్కూటర్ టైరులో సుమారు రెండు బార్ల గాలి ఉంటుంది. పోటీ పిస్టల్ సిలిండర్‌లో రెండు వందల బార్లు, అంటే వంద రెట్లు. దాని వాల్వు జోలికి ఇంట్లో ఎవరూ వెళ్లకూడదు. ప్రతి సిలిండర్ మీదా తయారీ తేదీ ఉంటుంది. పదేళ్లు దాటినదాన్ని పోటీల్లో వాడకూడదన్నది నియమం. పాత పిస్టల్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఆ తేదీ. మా మిత్రుడు అదీ చూడలేదు. అదృష్టం, ఇంకా నాలుగేళ్లుంది.

పెద్దవాళ్లకీ తప్పలేదు

ట్రిగ్గర్ తంటా మాదన్నపేట పిల్లలకే వస్తుందనుకోకండి. 25 జూలై 2021న టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పది మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ ఆడుతుండగా మధ్యలో ఆమె పిస్టల్ మొరాయించింది. అరవై షాట్లు, డెబ్బై ఐదు నిమిషాలు. గడియారం ఆగదు. వరస వదిలి వెళ్లి బాగుచేయించుకుని తిరిగొచ్చేసరికి పదిహేను నిమిషాలకు పైగా పోయాయి. మిగిలిన షాట్లన్నీ తరుముకుంటూ కాల్చింది. 575 పాయింట్లతో పన్నెండో స్థానం, రెండు పాయింట్లలో ఫైనల్ పోయింది. దేశమంతా ఆ రోజు ఒక చిన్న లోహపు ముక్క గురించి మాట్లాడుకుంది.

అదే మను 2024లో పారిస్‌లో అదే పోటీలో కాంస్యం గెలిచింది. రెండ్రోజుల తర్వాత సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో మరొకటి. పరికరం మీద ఎంత శ్రద్ధ పెట్టినా ఎప్పుడో ఒకసారి మోసం చేస్తుంది. అలాంటప్పుడు మనంతట మనమే కొత్త లోపం ఒకటి చేర్చడం దేనికి?

చట్టం ఏమంటుంది?

తేలిగ్గా తీసుకోకూడని విషయం ఇంకొకటుంది. 4.5 మిల్లీమీటర్ల గుండు వాడే, శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ పిస్టల్‌కి మన దేశంలో 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పిల్లలు పోటీల్లో వాడేవి ఈ కోవలోవే. కానీ మందుగుండుతో పేలే పిస్టల్ సంగతి పూర్తిగా వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం, అందుకు ప్రత్యేకంగా లైసెన్సు లేనివాళ్లు తుపాకిని తయారుచేయడమే కాదు, మరమ్మతు చేయడం, మార్చడం, పరీక్షించడం కూడా నేరమే. 2019 సవరణ తర్వాత ఈ నేరాలకు శిక్షలు బాగా పెరిగాయి. 'నా తుపాకి, నా ఇష్టం' అనడానికి వీల్లేదు. తుపాకి దగ్గర ఉంచుకోవడానికిచ్చే లైసెన్సు వేరు, దాన్ని బాగుచేయడానికిచ్చే లైసెన్సు వేరు.

కొన్ని ఇళ్లలో తాతలనాటి లైసెన్సు రివాల్వర్లు బీరువాలో ఉంటాయి. ట్రిగ్గర్ తుప్పు పట్టిందనో, బిగుసుకుందనో నూనె వేసి విప్పి చూడకండి. లైసెన్సు పత్రాలు తీసుకుని, మరమ్మతుకు అనుమతి ఉన్న దుకాణానికే ఇవ్వండి. సందేహముంటే లైసెన్సు ఇచ్చే పోలీసు కమిషనరేట్‌లోనే అడగండి.

నిజానికి ఆయుధాల పని మన నగరానికి కొత్తదేమీ కాదు. మాదన్నపేటకి దగ్గర్లోనే ఉన్న మూసారాంబాగ్ పేరులోని 'మూసారామ్', నిజాం కొలువులో సేనాని అయిన ఫ్రెంచివాడు మాన్సియర్ రేమండ్. ఆయన 1795లో పెట్టిన ఫిరంగుల కార్ఖానా వల్లే అబిడ్స్ దగ్గరి పేటకి గన్‌ఫౌండ్రీ అనే పేరు మిగిలింది. అంటే రెండు వందల ఏళ్ల కిందట కూడా అది ఇంటి ముందుగదిలో చేసే పని కాదు, కార్ఖానాలో చేసే పని.

ఇంట్లో ఏం చేయొచ్చు?

చేయగలిగినవి చాలానే ఉన్నాయి. వాడాక శుభ్రంగా తుడవడం. పుస్తకంలో చెప్పినప్పుడల్లా గొట్టం శుభ్రం చేయడం. పిడి స్క్రూలు వదులయ్యాయేమో చూడటం. సిలిండర్ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవడం. గుండ్లు ఒక గదిలో, పిస్టల్ ఇంకో గదిలో తాళం వేసి ఉంచడం. ఖాళీ అని తెలిసినా మనిషి వైపు తిప్పకపోవడం. తండ్రి అయినా, తమ్ముడయినా సరే, ఆ పెట్టె ముట్టుకునే ముందు పిల్లని అడగడం. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. పిస్టల్ ఎలా ఉందో తెలిసేది దాన్ని రోజూ పట్టుకునే చేతికే.

ట్రిగ్గర్ బరువు, దూరం మార్చాలంటే కోచ్ ఎదురుగా, తూకంతో. లోపలి భాగాలు, వాల్వు, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే దాని సర్క్యూట్, ఇవన్నీ శిక్షణ పొందినవాళ్లకే. పోటీకి వారం ముందు మాత్రం ఏదీ మార్చకండి. చెడిపోయినదాన్ని బాగుచేయించుకోవడం తప్ప.

ఇక, పిల్లలు 'గట్టిగా ఉంది' అన్నప్పుడు వస్తువు వంక చూసేముందు చేతి వంక చూడండి. పదిలో గుండు పడాల్సిన వలయం వెడల్పు పదకొండున్నర మిల్లీమీటర్లు, మన చొక్కా గుండీ అంత. పది మీటర్ల దూరంలో దాన్ని కొట్టాలంటే తేలికైన ట్రిగ్గర్‌కన్నా కదలని చేయి కావాలి. అది స్క్రూ తిప్పితే రాదు.

అమ్మాయి పోటీకి వెళ్లొచ్చింది. పతకమేమీ రాలేదు. పోటీ అయ్యాక తూకానికి పిలిచిన కొద్దిమందిలో ఆమె ఒకతె. బరువు లేచి గాల్లో నిలబడిందట. వాళ్ల నాన్న స్కోరు సంగతి తర్వాత చెప్పాడు, ముందు ఆ సంగతే చెప్పాడు.

మొన్న గల్లీలో వెళ్తుంటే చాచా భూతద్దం పైకెత్తి పిలిచాడు.

"కాంటా మిలా క్యా?" అని అడిగాడు.

దొరికిందన్నాను. తలూపి, మళ్లీ గడియారంలోకి వంగాడు.